ఆరో పేరు ఎదుట

ఆ పత్రం మొదటిసారి కదిలినప్పుడు నేను ప్రార్థనలో ఉన్నాను. పని మొదలుపెట్టే ముందు బల్ల దగ్గర నిలబడి, తల వంచి, నాలుగు మాటలు పైకే చెప్పుకోవడం నాకు అలవాటు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి, బల్ల మీద సగం విప్పి ఉంచిన ఆ తోలు పత్రం కుడి మూల రెండు వేళ్ళ ఎత్తు లేచి నా ముఖం వైపు వంగి ఉంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎత్తిన చెయ్యి ఎవరో దించుకున్నట్టు, అది మెల్లగా మళ్ళీ బల్ల మీదికి వాలింది.

అందులో మాయ ఏమీ లేదు. అది గొర్రె చర్మం. ఒకప్పుడు ముఖ్యమైన దస్తావేజులు చర్మం మీదే రాసేవారు. చర్మానికి తేమ తగిలితే ముడుచుకుంటుంది, లేస్తుంది. మాట్లాడేటప్పుడు మన నోటి నుంచి వచ్చే ఆవిరి చాలు. పద్నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకిది కొత్త కాదు. అయినా ఆ రోజు నుంచి ఆ పత్రం ముందు పెదవులు కదిపి ప్రార్థించలేదు. అది వింటున్నట్టు అనిపించింది.

సింగపూర్‌లో పాత పత్రాలు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపు మాది. ఫ్యాక్టరీల బిల్డింగులో ఆరో అంతస్తు. కింద కేకుల తయారీ, పైన ఎయిర్‌కాన్ రిపేరు, మధ్యలో మేము. ఇక్కడి గాలిలో తేమకు కాగితం నిలవదు. బూజు పడుతుంది, పురుగు తింటుంది. అందుకే మాకు పని కరువు లేదు. పాత పెళ్ళి పత్రాలు, రబ్బరు తోటల పట్టాలు, తాతలు ఓడ దిగినప్పటి గుర్తింపు కాగితాలు ఎక్కువగా వస్తాయి. పుంగ్గోల్‌లో మా బ్లాకులో ఉన్న తెలుగువాళ్ళు నా ఉద్యోగం ఏమిటని అడిగితే మా ఆయన "కాగితాలకు నర్సు" అంటారు. వాళ్ళు నవ్వుతారు. వాళ్ళందరివీ ఐటీ, బ్యాంకు ఉద్యోగాలు. ఈయనదీ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకే.

నేను మాత్రం దీన్ని పిలుపుగానే తీసుకున్నాను. చెరసాలలో ఉన్న ప్రవక్త, పట్టణం శత్రువుల చేతికి పోతుందని తెలిసి కూడా పొలం కొన్న సంగతి చిన్నప్పుడు సండేస్కూల్లో విన్నాను. సాక్షులను పెట్టి, ముద్ర వేయించి, ఆ పత్రాలు చాలాకాలం నిలవాలని మట్టికుండలో పెట్టించాడు. టీచరు ఆ కథతో నిరీక్షణ గురించి చెబుతుంటే, ఆ కుండకు మూత ఎలా పెట్టి ఉంటారు, లోపలికి చెమ్మ దిగకుండా ఏం చేసి ఉంటారు అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఈ పత్రం తెచ్చింది ఎనభై దగ్గరపడిన ఒక అమెరికా పెద్దాయన. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. భార్య పోయాక సెరంగూన్‌లో కాండో ఫ్లాట్‌లో ఒక్కడే. మా తెలుగు చర్చి సంఘం కూడుకునే హాల్లోనే మాకంటే ముందు ఇంగ్లీషు ఆరాధన జరుగుతుంది. ఆయన ఆ సంఘంలో విశ్వాసి. తలుపు దగ్గర ఒకరు బయటికి వస్తుంటే ఒకరు లోపలికి వెళ్తూ పలకరించుకునేవాళ్ళం. నేను అంకుల్ అనేదాన్ని. ఆయన అక్క అమెరికాలో చనిపోతే ఇంటి పెట్టె ఒకటి ఈయనకు వచ్చింది. అందులో దొరికిన ఈ పత్రాన్ని ఒకసారి విప్పి, ఫోటోలు తీసి అక్కడివాళ్ళకు పంపి, తిరిగి మడిచి, కెమెరాలు దాచుకునే డ్రై క్యాబినెట్‌లో, రెండు పాత కెమెరాల మధ్య పెట్టి, ఏడాది తర్వాత మా దగ్గరికి తెచ్చాడు. అరచేతి వెడల్పున మడిచి మడిచి ఉంది. పొడిగాలికి ఎండి అప్పడంలా అయింది.

ఆ రోజు ఆయన నాకూ, మా యజమానురాలికీ కూర్చోబెట్టి చెప్పిన విషయం ఇది.

అమెరికా తూర్పు తీరంలో, ఇంకా అది దేశం కూడా కాని రోజుల్లో, ఈయన వంశంలో మొదటివాడు అక్కడి మూలవాసుల దగ్గర నది ఒడ్డున నేల కొన్నాడు. ఆ అమ్మకపు దస్తావేజే ఇది. అమ్మినవాళ్ళు ఆరుగురు. చివరి పేరు ఒక ఆడమనిషిది. చివరి వరుసలో ఒక మాట ఉంది: నది పక్క గుట్టా, గుట్ట మీద తమవారి సమాధులూ అమ్మకంలో కలవవు, అవి తమకూ తమ పిల్లలకూ ఉంటాయి అని. కానీ అక్కడి పట్టణం వాళ్ళ పుస్తకంలో ఎక్కించిన నకలులో ఆ మాట లేదు. ఇప్పుడు ఆ గుట్టను తవ్వి ఇళ్ళు కట్టబోతున్నారు. ఆ ఆరుగురి సంతతివాళ్ళు ఇంకా ఉన్నారు. తవ్వకం ఆపమని అడుగుతున్నారు. ఈ అసలు పత్రం చూపిస్తే సరిపోదా అంటే, పట్టణం లాయర్లు ఒక మెలిక పెట్టారు. లోపల ఆరు పేర్లు ఉన్నాయి, కింద ఐదు గుర్తులే ఉన్నాయి, కాబట్టి ఇది సగంలో వదిలేసిన చిత్తుప్రతి, మా పుస్తకంలోని నకలులో ఆరు గుర్తులూ ఉన్నాయి, అదే అసలు అమ్మకం అని.

"ఆరో గుర్తు ఉండే ఉంటుంది," అన్నాడు అంకుల్. "వెలిసిపోయి ఉంటుంది. మీ దీపాలతో కనిపిస్తుంది కదా? అది కనిపిస్తే గుట్ట నిలుస్తుంది. మా పెద్దాయన మాట కూడా నిలుస్తుంది. లేకపోతే..." తన తాతల తాత సమాధుల మాట తీసేసి దొంగ నకలు ఎక్కించాడేమో అన్న అనుమానం ఆయన్ను తినేస్తోందని నాకు అర్థమైంది.

మా యజమానురాలు అరవై దాటిన చైనీయురాలు. ఆమెను అందరం మేడమ్ అంటాం. ఆమె ఇంగ్లీషును నా తెలుగులో రాస్తున్నాను గానీ ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'లు ఆమెవే. "చూస్తాం లా. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నేను మంత్రగత్తెను కాదు," అంది.

అది చైనావాళ్ళ ఏడో నెల. చనిపోయినవాళ్ళు తిరిగివస్తారని వాళ్ళ నమ్మకం. బిల్డింగు కింద ఇనుప పీపాల్లో కాగితపు ఇళ్ళు, కాగితపు చొక్కాలు, కాగితపు కార్లు కాలుస్తారు. మసి ముక్కలు ఆరో అంతస్తు దాకా లేచి మా కిటికీ అద్దాలకు అంటుకునేవి. నేను ఆ ధూపాల పక్కనుంచి కళ్ళు దించుకుని నడిచేదాన్ని. ఒకరోజు అద్దం మీద మసి తుడుస్తూ మేడమ్ అంది, "చూడు, కిందవాళ్ళు చచ్చినవాళ్ళ కోసం కాగితాలు కాలుస్తారు. మనం చచ్చినవాళ్ళ కాగితాలు కాలకుండా చూస్తాం. చచ్చినవాళ్ళకు మన మీద కోపమో, కిందవాళ్ళ మీద కోపమో!" నేను నవ్వాను. నవ్వాక ఎందుకో వెనక్కి తిరిగి బల్ల వైపు చూశాను.

పత్రం విప్పడానికి రెండు వారాలు పట్టింది. తడి తగలకుండా తేమ మాత్రమే తగిలేలా మూత ఉన్న పెట్టెలో ఉంచి, రోజుకు ఒక మడత మెత్తబడితే ఆ ఒక్కటే తెరిచేవాళ్ళం. తెరుచుకున్నకొద్దీ అందులో గొర్రె కనిపించేది. వెలుతురుకు పట్టుకుంటే మెడ దగ్గరి రక్తనాళాలు ఆకు ఈనెల్లా కనిపించేవి. వెంట్రుకలు ఊడిన చుక్కలు ఒక పక్క అలాగే ఉన్నాయి. చివర్లో ఐదు గుర్తులు బయటపడ్డాయి. విల్లు, తాబేలు, చేప, పక్షి పాదం, నిలువుగా ఒక్క గీత. వేసినవాళ్ళు చేతిని బలంగా నొక్కి వేశారు. గీతలు చర్మంలోకి దిగి ఉన్నాయి. వేలు ఆనించకుండానే లోతు తెలిసేది.

ఆరో పేరు ఉన్న చోట మాత్రం ఒక మూల మడత పట్టు వదల్లేదు. రాసినవాడు పేరు రాసి, "ఈమె గుర్తు" అనే మాటల మధ్య జాగా వదిలాడు. ఆ జాగా మడత కిందే ఉండిపోయింది.

శనివారం పొద్దున మా సంఘంలో ఉపవాస ప్రార్థన. మధ్యాహ్నానికి ముగిసింది. ఆ మడత ఆ రోజు తీయాలి, సోమవారం దాకా వదిలేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. అందుకే వెళ్ళడానికి తొందరపడుతున్నాను. పాస్టరమ్మగారు ఆపారు. గుంటూరు వైపు మనిషి, నన్ను కూతురిలా చూస్తుంది.

"ఏందమ్మా, మొహం అట్టా పీక్కుపోయింది?"

"ఒక పత్రం అండీ. అందులో ఒక గుర్తు దొరకాలి. దొరికితే కొందరి సమాధులు నిలుస్తాయి. దొరక్కపోతే బుల్‌డోజర్ ఎక్కుద్ది."

"ఎవురివి?"

"ఎవరో అండీ. అమెరికాలో, ఎప్పటివాళ్ళో. మన దేవుణ్ణి ఎరగనివాళ్ళు కూడా."

"ఆయన ఎరుగును గదా వాళ్ళని," అంది పాస్టరమ్మ. అభిషేక తైలం సీసా తీసింది. "నుదురు కాదు, ఇయ్యాల చేతులు చాపు. పనిచేసేయి అయ్యే." రెండు అరచేతులకూ, పది వేళ్ళ కొసలకూ ఆలివ్ నూనె రాసి, తన చేతులతో మూసి పట్టుకుని, చాలాసేపు ప్రార్థించింది. నేను కూడా ఏడుస్తూ అడిగాను: ప్రభువా, ఆ ఆరో గుర్తు చూపించు.

వర్క్‌షాపుకు వెళ్ళి చేతులు నీళ్ళ కింద పెట్టి తుడుచుకుని పనిలోకి దిగాను. చాలామంది అనుకుంటారు, మేము గ్లవ్స్ వేసుకుంటామని. తోలు పత్రాలకు వేసుకోం. గుడ్డ వేలికి స్పర్శ తెలియదు, చీలిక వస్తే తెలిసేలోపే చినుగుతుంది. శుభ్రమైన ఉత్తచేతులే మా పద్ధతి. ఎడమచేత్తో పలచటి ఎముక బద్ద మడతలోకి దూర్చి, కుడి బొటనవేలితో కింది భాగం అణచి పట్టి, గుండె చప్పుడు లెక్కపెట్టుకుంటూ, మడత తెరిచాను. తెరుచుకుంది. మామూలు వెలుతురులో అక్కడ ఏమీ లేదు. ఖాళీ చర్మం. అంచుల చుట్టూ బరువులు పెట్టి, దీపాలార్పి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం మేడమ్ యూవీ దీపం వేసింది. గది చీకటి చేస్తే ఆ వెలుగులో చర్మం నీలంగా, నీళ్ళ కింద ఉన్నట్టు కనిపిస్తుంది. సిరా నల్లగా నిలుస్తుంది. మామూలు కంటికి కనిపించనివి కొన్ని బయటపడతాయి. విల్లు, తాబేలు, చేప, పక్షి పాదం, గీత. ఆ తర్వాత, ఆరో పేరు ఎదుట, వదిలిన జాగాలో సరిగ్గా మధ్యలో, పసుపు వెలుగుతో ఒక బొటనవేలి ముద్ర.

గీతలతో సహా ఉంది. చీకట్లోంచి ఎవరో అద్దానికి వేలు ఆనించినట్టు ఉంది.

"నా తండ్రీ," అన్నాను తెలుగులో.

మేడమ్ చాలాసేపు చూసింది. "ఆ రోజుల్లో వేలిముద్ర వేసేవాళ్ళా? మిగతా ఐదుగురూ బొమ్మలు గీశారు కదా."

"చదువురానివాళ్ళు ఇంకేం వేస్తారు మేడమ్?" అన్నాను. మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు. ఒంగోలు పక్కన మా ఊళ్ళో చర్చికి ఐదు సెంట్లు రాసిచ్చిన రోజు రిజిస్ట్రార్ ఆఫీసులో గుమస్తా ఆమెను ఒక్క మాట అడగలేదు. చెయ్యి లాక్కుని, బొటనవేలిని సిరా దిండు మీద దొర్లించి, పత్రం మీద దొర్లించాడు. నాయనమ్మ ఆ నీలపు వేలిని జుట్టుకు తుడుచుకుంది. నిశాని అంటే నాకు అదే. లోకంలో అక్షరం రాని ఆడవాళ్ళందరూ భూమి పత్రాల మీద అలాగే వేలు ఒత్తి ఉంటారని నా మనసులో ఎప్పటినుంచో ఉంది. ఆ రోజు అది జ్ఞానంలా పైకొచ్చింది. "ఆమె చేతికి జంతువు కొవ్వో, నూనో ఉండి ఉంటుంది," అని కూడా చెప్పాను. నోట్సులో రాశాను కూడా.

"విప్పకముందు తీసిన ఫోటోలో లేదు."

"మడత కింద ఉంది కదా మేడమ్."

"కరెక్టే లా," అంది, కానీ దీపం ఆర్పలేదు.

మర్నాడు అంకుల్ వచ్చి చూశాడు. దీపం వెలుగులో ఆయన పళ్ళు, తెల్ల చొక్కా మెరుస్తున్నాయి. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కుర్చీలో కూర్చుని ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "ఆమె వేసింది. మా పెద్దాయన అబద్ధం ఆడలేదు," అన్నాడు. శుక్రవారానికల్లా రిపోర్టు కావాలన్నాడు. ఆ ఉదయమే అక్కడి వాళ్ళతో వీడియోలో మాట్లాడదాం అన్నాడు. పాస్టరమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఫోన్లోనే స్తోత్రం చెప్పింది. "ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా నువ్వు. సంఘం అంతా వినాల," అంది. చెబుతానన్నాను.

ఆ రెండు రోజులూ నేను నేలమీద లేను. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ముద్ర కనిపించినప్పటినుంచి ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోయాను. బల్లకు వీపు పెట్టి కూర్చుంటే మెడ మీద చూపు ఆనినట్టుండేది. గుర్తు దొరికినందుకు సంతోషంగా ఉండాల్సిన ఆ ఆరో ఆమె నన్ను ఎందుకు అలా చూస్తుంది అనుకునేదాన్ని.

గురువారం మధ్యాహ్నం రిపోర్టు కోసం ముద్రను దగ్గరగా, పెద్దగా ఫోటోలు తీస్తున్నాను. మేడమ్ పక్క గదిలో ఉంది. సోమవారం ఫోటో తెర మీద ఒక పక్క, ఆ రోజుది ఒక పక్క పెట్టాను.

ముద్ర పెరిగింది.

మొదట కెమెరా దూరం మారిందనుకున్నాను. కొలబద్ద పెట్టి మళ్ళీ తీశాను. పెరిగింది. సోమవారం విడివిడిగా ఉన్న గీతలు ఒకదాంట్లోకి ఒకటి కలుస్తున్నాయి. అంచులు బయటికి పాకుతున్నాయి. చుట్టూ ఉన్న విల్లూ తాబేలూ వెంట్రుకవాసి కదల్లేదు. మూడు వందల ఏళ్ళు కదలని చోట ఇదొక్కటే నాలుగు రోజులుగా కదులుతోంది. యేసు రక్తం, యేసు రక్తం అని లోపల అనుకుంటున్నాను. సోమవారం ఫోటోనే పెద్దది చేస్తూ పోయాను. గీతల సుడి మధ్యలో, అడ్డంగా, కొంచెం వాలుగా, ఒక సన్నని ఖాళీ గీత కనిపించింది. కోసుకున్న మచ్చ.

నా కుడి బొటనవేలిని ఎత్తి దీపం కింద పెట్టాను.

ఐదేళ్ళ క్రితం పని కత్తి జారి అయిన గాయం అది. వాలు అదే, పొడవు అదే. తెర మీద ఉన్న చనిపోయిన ఆడమనిషి వేలు, దీపం కింద ఉన్న నా వేలు, రెండూ ఒక్కటే. భయం పోలేదు. దయ్యమైతే గద్దించవచ్చు. ఇది నేను.

శనివారం నీళ్ళ కింద చేతులు పెట్టాను గానీ సబ్బు ముట్టలేదు. మరిచిపోయి కాదు. మాలో ఎవరమూ ప్రార్థన చేసి రాసిన నూనెను సబ్బుతో రుద్దం. తెలిసే మానేశాను. ఏమీ కాదనుకున్నాను. ఆ నూనెతో మడత అణచి పట్టిన చోటే వేలు దిగింది. తోలు దాన్ని ఐదు రోజులుగా తాగుతోంది.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. పుంగ్గోల్ నీళ్ళ వైపు కిటికీ తెరిచి ఉంది. ఆయన అన్నం కలుపుతూ విన్నారు.

"మేడమ్‌కి తెలుసా?"

"లేదు."

"ఫోటోలో మచ్చ ఇంకెవరైనా చూస్తారా?"

"ఇంకో రోజు పోతే గీతలు కలిసిపోతాయి. మరక మాత్రమే మిగులుతుంది. ఎవరూ చూడరు."

ఆయన చెయ్యి ఆగింది. "మరి ఇంకేం? నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. ఊరుకో. సమాధులు నిలుస్తాయి, ముసలాయన ప్రశాంతంగా పోతాడు. నువ్వే కదా గుర్తు చూపించమని అడిగింది? నీ చేతులతోనే ఇచ్చాడేమో."

ఆయన చెడ్డవాడు కాదు. నాకు కూడా ఆ మాట అంతకుముందే ట్రైన్‌లో తట్టింది, అదీ ఇంకా తియ్యగా. కానీ రాత్రంతా నన్ను పట్టుకున్నది బైబిల్లోని వేరే కథ. ద్రాక్షతోట అమ్మను, అది నా పితరుల స్వాస్థ్యం అని రాజుతోనే చెప్పిన ఒక రైతు. అప్పుడు రాణి రాజు పేరుతో ఉత్తరాలు రాసి, ఆయన ముద్ర వేసి, అబద్ధ సాక్షులను నిలబెట్టి వాణ్ణి చంపించింది. చిన్నప్పటినుంచి ఆ కథలో నేను ఆ రైతు పక్షమే. ఇంకొకరి పేరు ఎదుట వేసిన ముద్ర నా వేలిదవుతుందని ఎన్నడూ అనుకోలేదు. నేను ఎరగని ఆడమనిషి, నోరులేనిది, మట్టిలో ఉన్నది. ఆమెను అడగకుండా ఆమె చెయ్యి లాక్కున్నాను, మా ఊరి గుమస్తాలాగా.

పొద్దున్నే పాస్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నూనె రాసింది నేను. ఆ పాపంలో నాకూ పాలుందిలే," అంది. తర్వాత, "ఆదివారం సాక్ష్యం చెబుతానన్నావుగా. మరి ఇదే చెప్పు. ముందు వాళ్ళకి చెప్పి రా."

మేడమ్ విన్నాక మొదట ఒక్క మాటే అంది. "సబ్బు లా!" తర్వాత గొంతు పెంచి, "సబ్బు! చిన్నపిల్లలకు చెబుతారు సబ్బు!" అని గది అంతా తిరిగింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె నా కుర్చీలో కూర్చుని, రెండు ఫోటోలూ చూసి, నా చెయ్యి పట్టుకుని వేలు తిప్పి చూసింది. "నాకు సోమవారమే తెలుసు, ఏదో తప్పు ఉందని. కానీ నాకు కూడా అది కావాలనిపించింది," అంది చివరికి. "తీయగలమా?"

"పైపైన కొంచెం. లోపలికి దిగింది రాదు."

"అయితే అదీ రాయి."

ఎనిమిదింటికి అంకుల్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వీడియో మొదలయ్యేలోపు చెప్పేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే ఫోన్ తెరిచి పట్టుకున్నాడు. తెర మీద ఆ ఆరుగురి సంతతిలో పెద్దామె. డెబ్బై ఉంటాయి. తెల్ల జడ, వెనక వంటగది. అక్కడ రాత్రి ఎనిమిది. తప్పించుకునే దారి లేక, ఇద్దరికీ కలిపి చెప్పాను. నూనె, సబ్బు, వేలు. "ఆరో పేరు ఎదుట ఏ గుర్తూ లేదు. ఉన్న మరక నాది. నన్ను క్షమించండి," అన్నాను.

అంకుల్ నన్ను చూడలేదు. తలుపు వైపు చూస్తున్నాడు. "అయితే ఆమె వేయలేదు," అన్నాడు. "పుస్తకంలో ఆరు ఎలా వచ్చాయి?" తనను తానే అడుగుతున్నట్టు అన్నాడు.

తెర మీది ఆమె మాత్రం ముందుకు వంగింది. "వేయలేదా? ఖచ్చితంగానా?"

"వేసిన ఆనవాలు లేదండీ. మిగతా ఐదుగురూ గట్టిగా నొక్కి గీశారు, చర్మం గుంటపడింది. ఇక్కడ గుంట లేదు. గీకిన జాడ లేదు. ఎవరూ ముట్టలేదు. నేను తప్ప."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. కళ్ళు తుడుచుకుంటోందేమో, తెర కొంచెం ఊగింది. తర్వాత చెప్పింది. ఆమె అమ్మమ్మ, ఆ అమ్మమ్మకు వాళ్ళ అమ్మ, తరతరాలుగా చెప్పుకున్న మాట ఒకటే. గుట్ట ఆ ఆరో ఆమెది. మిగతావాళ్ళు అమ్మారు, ఆమె అమ్మలేదు. బల్ల దగ్గరికి పిలిస్తే వచ్చింది, కలం చేతికిస్తే పట్టుకోలేదు, వెళ్ళిపోయింది. "మావాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా పట్టణం వాళ్ళు అది ముసలమ్మల కథ అన్నారు. మా పుస్తకంలో ఆమె గుర్తు ఉంది కదా అన్నారు," అంది. "నాకు ఈ ఫోన్ అంటే భయం వేసింది. మాకు సోమవారం రాత్రి ఇతను రాశాడు, గుర్తు దొరికింది అని. మూడు రాత్రులుగా నేను నిద్రపోలేదు."

గుట్టను కాపాడుతుందని నేను ఏడుస్తూ అడిగిన గుర్తు, ఆమె కూడా అమ్మిందన్న పట్టణం పుస్తకానికే సాక్ష్యం అయ్యేది. బల్లకు వీపు పెట్టినప్పుడు నా మెడ మీద ఆనిన చూపు ఎవరిదో నేను చెప్పను. దేవుని బిడ్డను, చనిపోయినవాళ్ళు తిరుగుతారని నమ్మను. కానీ ఆ చూపు నిజం.

"ఈ రిపోర్టులో ఇదంతా రాస్తావా? నీ తప్పుతో సహా?" అడిగింది.

"రాస్తాను. చదివి, పత్రం పాడైంది, నమ్మలేం అని వాళ్ళ లాయర్లు అనవచ్చు."

"అననీ," అంది. "ఆమె చోటు ఖాళీగా ఉంది కదా."

అంకుల్ అప్పుడు లేచాడు. కోపంగా వెళ్ళిపోతాడనుకున్నాను. పెద్దామెతో, "పత్రం మీకే పంపిస్తాను. పట్టణం పుస్తకంలో ఉన్న నకలు అబద్ధమని నేనే వచ్చి చెబుతాను," అన్నాడు. ఆయన గొంతు ఒక్కరోజులో పదేళ్ళు ముసలిదైంది. విచారణ ఇంకా నడుస్తూనే ఉందని ఈ మధ్య కూడా ఆయన చెప్పాడు. గుట్ట ఇప్పటికైతే తవ్వలేదు.

ఆ రోజు ఆమె ఫోన్ పెట్టే ముందు ఒకటి అడిగింది. "ఆ చోటు చూపించు."

గది చీకటి చేసి, యూవీ దీపం వేసి, ఫోన్ కెమెరాను ఆరో పేరు మీదికి వంచి పట్టుకున్నాను. నీలపు చర్మం, నల్లటి అక్షరాలు, మధ్యలో అప్పటికే చెదిరిపోయి పసుపు మబ్బులా అయిన నా వేలు. దాని చుట్టూ, కింద, పక్కన, ఎవరి చెయ్యీ పడని ఖాళీ. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత తన భాషలో నాలుగు మాటలు మెల్లగా అంది. మాతో కాదు. మేడమ్ కూడా తల దించుకుంది.

"ఇంక దీపం ఆర్పు అమ్మా," అంది ఆమె. "చాలా చూశారు ఆమెను."

ఆర్పేశాను.